ఆనేకల్ చెరువులు, నీటి పక్షులు

మన పూర్వులు సప్తసంతానములను చెప్పిరి. పుత్రుడు, కృతి, ఆలయము, వనము, నిధి, అగ్రహారము, తటాకము అని వానిని లెక్కించుట వాడుక. ఈ ఏడింటిలో తటాకము యొక్క ఫలము కట్టించినవాని వంశముతో ఆగదు, ఊరితోను ఆగదు. పొలమునకు నీరు, పశువునకు దాహము, జాలరికి చేప దొరకిన పిమ్మట కూడ చెరువు ఇంకొకరికి అన్నము పెట్టుచునే యుండును. వారు ఎవరును పిలువకయే వచ్చు అతిథులు, నీటి పక్షులు. ఆ అతిథులను చూచి రావలెనని గడచిన పుష్యమాసమున మేము కొందరము పిల్లలను వెంటబెట్టుకొని ఆనేకల్ తాలూకాలో ఒక దినమెల్ల తిరిగితిమి. ఆనాడు చూచినదియు, ఆ చెరువులను గూర్చి చదివి తెలిసికొన్నదియు ఇందు పాఠకుల ముందుంచుచున్నాము.

ఆనేకల్ బెంగుళూరు నగరమునకు దక్షిణ దిశగా సుమారు 35 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు దాదాపు 900 మీటర్ల యెత్తున నున్న పురాతనమైన ఊరు. ఆనెకల్లు అనగా వడగల్లు అని కొందరు అర్థము చెప్పుదురు. ఏనుగు వంటి రాయి అని మరికొందరందురు. సుగటూరు పాళెగాండ్ర వంశమునకు చెందిన తిమ్మేగౌడుడు 17వ శతాబ్ది తొలి సంవత్సరములలో ఇచ్చట కోట కట్టి ఊరిని నిలిపెనని స్థానిక చరిత్ర. ఈ తాలూకా ఒక వింత మిట్టపై నున్నది. పడమట బన్నేరుఘట్ట కొండలలో పడిన వాన సువర్ణముఖి వాగులో చేరి అర్కావతి ద్వారా కావేరికి పోవును. తూర్పున పడిన వాన దక్షిణ పినాకినిలో కలిసి, హోసూరు మీదుగా తమిళ దేశమున పెన్నైయను పేరుతో సాగి, కడలూరు వద్ద బంగాళాఖాతమును చేరును. నెల్లూరు సీమకు ప్రాణమైన ఉత్తర పినాకిని, అనగా మన పెన్న, దీనికి తోబుట్టువు. రెండును నందిదుర్గము ప్రాంతపు కొండలలో పుట్టినవే.

ఇట్టి మిట్టపై జీవనది లేదు. కావున ఇచ్చటి వారు వాననే నదిగా మార్చుకొనిరి. పల్లమునకు అడ్డముగా కట్ట వేసిరి. ఆ చెరువు నిండి అలుగు పారిన నీరు దిగువ చెరువులో చేరునట్లు కాలువ తీసిరి. దాని క్రింద మరియొక చెరువు, దాని క్రింద ఇంకొకటి. 1866లో మైసూరు రాజ్యపు ముఖ్య ఇంజనీరు సాంకీ ఈ గొలుసు చెరువులను పరిశీలించి, రాజ్యములోని భూమిలో దాదాపు నూటికి అరువది పాళ్ళ నీటివాలు చెరువులకు కట్టుబడియున్నదనియు, క్రొత్త చెరువునకు స్థలము వెదకుటయే కష్టమనియు వ్రాసెను. ఆ పని యొక రాజు చేసినది కాదు, ఒక తరము చేసినదియు కాదు. మన కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువునకు సంబంధించిన 1369 నాటి శాసనము, మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, రాకూడని ఆరు దోషములను వివరించుచున్నది. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేండ్లు శ్రమింపగా ఆ చెరువు పూర్తియైనదని అందు కలదు. ఆనేకల్ చెరువులకు అట్టి శాసన వైభవము లేకపోవచ్చును. కాని వాని కట్టలపై పోసిన తట్ట మన్నును అదియే విధమైన చెమటతో తడిసినది.

ఈ సీమను పూర్వము మొరసునాడనిరి. కోలారు, ఆనేకల్, హోసూరు ప్రాంతములు అందులోనివి. ఇందు కన్నడము, తెలుగు, తమిళము ఒకే వీధిలో వినబడును. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, సంతలో మూడును మాటలాడు కుటుంబములు ఇచ్చట తరతరములుగా నున్నవి. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు ఆనేకల్ మైసూరులోను, దానికి ఆనుకొనియున్న హోసూరు మద్రాసులోను నిలిచినవి. ఎల్లలు రాతిపై చెక్కబడినవి. పక్షులకు మాత్రము ఆ సంగతి నేటికిని తెలియదు. ఉదయమున ముత్తానల్లూరు చెరువులో చేప పట్టిన గూడబాతు మధ్యాహ్నమునకు హోసూరు సీమలో ఈదుచుండవచ్చును.

మేము తెల్లవారకముందే ఆనేకల్ ఊరి చెరువు కట్ట నెక్కితిమి. మంచు దట్టముగా నుండెను. నీటి యంచున నల్లని ముద్దలవలె ఏవో కనబడినవి. వెంట వచ్చిన చిన్నవాడొకడు వానిని రాళ్ళనెను. కొంతసేపటికి ఒక రాయి మెడ పైకెత్తి రెక్కలు విదల్చుకొనెను. అవి ముక్కులను రెక్కలలో దాచుకొని నిదురించుచున్న బాతులు! మాకు వెంటనే శ్రీకృష్ణదేవరాయలు జ్ఞప్తికి వచ్చెను. ఆముక్తమాల్యదయందు ఆ మహారాజు ఇట్టి దృశ్యమునే వర్ణించినాడు. కాలువలలో తలలు రెక్కలలో దాచుకొని నిద్రించు బాతులను చూచి, తెల్లవారుజామున స్నానము చేసిన బ్రాహ్మణులు మరచిపోయిన తడిబట్టల ముద్దలని తలవరులు భ్రమపడి, వానిని తీసి యిచ్చుటకు నీటిలో దిగుదురు. బాతులు చివాలున లేచిపోవును. పంటకాపు స్త్రీలు నవ్వుదురు. 1509 నుండి 1529 వరకు సామ్రాజ్యము నేలిన ప్రభువు తెల్లవారుజామున నీటి యంచున నిలుచుండి బాతు ఎట్లు నిద్రించునో గమనించెననుట మాకు మిక్కిలి సంతోషమును కలిగించు విషయము. పక్షులను చూచుట విదేశముల నుండి వచ్చిన వినోదమని తలచు మన యువకులు ఈ సంగతిని తెలిసికొనవలెను.

వెలుతురు పెరిగిన కొలది చెరువు తన కుటుంబమును చూపెను. నుదుట తెల్లని బొట్టు గల బొల్లికోళ్ళు గుంపులుగా ఈదుచుండెను. తూటికాడల నడుమ నీలివన్నె జంబుకోళ్ళు ఎర్రని కాళ్ళతో మెల్లమెల్లగా అడుగు వేయుచుండెను. మొద్దుపై నీటికాకి రెక్కలు చాచి ఎండకు ఆరబెట్టుకొనుచుండెను. పిడికెడంత చిన్నపిట్ట యొకటి మునిగి, మేము అనుకొనని చోట తేలుచు పిల్లలను నవ్వించెను.

కట్టపై గొఱ్ఱెలను తోలుకొని పోవుచున్న వృద్ధుడొకడు మా దుర్భిణీలను చూచి ఆగెను. "ఏం చూస్తా ఉండారు నాయనా?" అని అడిగెను. మేము ఆ చిన్నపిట్టను చూపి, "దీని పేరేమి తాతా?" అంటిమి. "ఇదా! మునుగుడు కోడి. మా నాయన అట్లే అంటా ఉండె" అనెను. తరువాత అడుగకయే ఒక్కొక్కదానిని చూపి, గుడ్డికొంగ, నారాయణ పక్షి, నత్తగుల్ల కొంగ, లకుముకి, ఉల్లంకి యని వరుసగా పేర్లు చెప్పెను. మా పిల్లలలో ఒక్కరికిని అందు రెండు పేర్లకు మించి తెలియవు. వారు పుస్తకములోని ఇంగ్లీషు పేర్లను తడుముకొనకుండ చదివిరి. తాత విని, "ఈ బిడ్డలు బాగా చదివినారు. మన పేర్లు చెప్పేవాళ్ళు లేకపోతే వాళ్ళకెట్ల వస్తాది?" అనెను. ఆయన నిందింపలేదు, ఉన్నమాట చెప్పెను. మాకు తల వంగినది.

ఆ పేర్లు ఊరక పుట్టినవి కావు. నీటికాకిని కన్నడిగులు నీరుకాగె యందురు, తమిళులు నీర్‌కాగమందురు. మూడు భాషల వారు ఒకే కట్టపై నిలిచి ఒకే పక్షిని చూచి ఒకే మాట పలికినట్లున్నది. గూడబాతును మాత్రము కన్నడిగులు హెజ్జార్లె యనియు, తమిళులు కూళక్కడా యనియు వేరువేరుగా పిలుతురు. ఈ పేర్లను మొదట వ్రాతలోనికి తెచ్చిన వారిలో జెర్డన్ అను వైద్యుడు ముఖ్యుడు. ఆయన మద్రాసు సైన్యమున వైద్యుడుగా వచ్చి, నెల్లూరులో కొంతకాలము ఉద్యోగము చేసి, 1862 నుండి 1864 వరకు భారతదేశ పక్షులను గూర్చి గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందు పక్షుల శాస్త్రీయ నామములతోపాటు హిందీ, తెలుగు, తమిళము మున్నగు దేశభాషల పేర్లను గూడ చేర్చెను. వాల్టర్ ఎలియట్ అను మరియొక అధికారి 1859లో ఫ్లోరా ఆంధ్రికా యను పేర తెలుగు మొక్కల పేర్ల పట్టికను వెలువరించెను. ఆ పేర్లను వారు కల్పింపలేదు. వేటగాండ్రు, జాలరులు, పసులకాపరులు చెప్పగా విని వ్రాసికొనిరి. నేడు మన నోట లేని పేరు నూటయరువది యేండ్ల నాటి విదేశీయుని పుస్తకములో భద్రముగా నుండుట మనకు గౌరవమా, అవమానమా యని పాఠకులే ఆలోచింతురు గాక.

పేరునకు గల బలమును కలివికోడి చరిత్ర చూపుచున్నది. జెర్డన్ పేరుతోనే శాస్త్రజ్ఞులెరిగిన ఈ పక్షి 1900 సంవత్సరము తరువాత మరి కనబడక, అంతరించినదని చాలమంది తలచిరి. 1986లో కడప జిల్లా సిద్ధవటము దాపున అది మరల దొరకెను. దానిని పట్టి చూపినవాడు ఐతన్న యను స్థానిక వేటగాడు. ఆ సీమ పల్లెవారు దానిని పేరుతో ఎరుగుదురు గనుకనే వెదకువారి ప్రశ్నకు సమాధానము లభించెను. 1988లో లంకమల అభయారణ్యము ఏర్పడుటకు ఈ పక్షియే కారణము.

ఎండ కాయుచుండగా మేము చందాపురము మీదుగా ముత్తానల్లూరు వైపు సాగితిమి. చందాపుర చెరువు నొద్ద నిలువదలచితిమి గాని దుర్గంధముచే ఎక్కువసేపు నిలువలేకపోతిమి. నీటి రంగు చెప్పదగినది కాదు. 1970ల చివర ఈ దారిలో ఎలక్ట్రానిక్ సిటీ వెలసినది. దానితోపాటు బొమ్మసంద్ర, జిగణి పారిశ్రామిక వాడలును, వాని వెంట లక్షల జనమును వచ్చిరి. మన కుటుంబములలోను అనేకులు ఆ కర్మాగారములలోనే అన్నము సంపాదించిరి. కావున ఈ దోషమును ఇతరులపై త్రోసివేయు అధికారము మాకు లేదు. వాననీరు తెచ్చిన రాజకాలువలే మురుగును గూడ తెచ్చినవి. 2022 అక్టోబరులో జాతీయ హరిత న్యాయస్థానము ఈ చెరువును కాపాడనందులకు కర్ణాటక ప్రభుత్వము 500 కోట్ల రూపాయలు ప్రత్యేకముగా కట్టవలెనని ఉత్తరువు చేసెను. ఒకప్పుడు ఊరి నీరుగంటి తూము తీసి మూయుచు, కూలిగా పిడికెడు ధాన్యము తీసికొని కాపాడిన సొత్తు, నేడు కోట్లతో వెలకట్టవలసిన స్థితికి వచ్చినది.

ముత్తానల్లూరు చెరువు మా మనసులకు మరల ఊరట నిచ్చెను. విశాలమైన నీటిపై గూడబాతులు వరుసగా ఈదుచు, ఒకే తాళమునకు ముక్కులు ముంచి చేపలను ఒడ్డువైపు తరుముచుండెను. ఎర్రకాళ్ళ కొంగలు లోతులేని నీటిలో నోరు తెరచి నిలిచియుండెను. వాని రెక్కల కొనల గులాబి వన్నె చూచి పిల్లలు మాటలు మరచిరి. దూరమున సూదివంటి తోక గల బాతులు, పరజలు నీటిపై చుక్కలవలె నుండెను. ఇవి హిమాలయములను దాటి ఉత్తర ఆసియా నుండి శీతకాలమునకు వచ్చిన బాటసారులు. ఒక డేగ పైనుండి తిరుగగానే వందల రెక్కలు ఒక్కసారి లేచెను. ఆ ధ్వనిని మేము వర్ణింపలేము.

ఇచ్చట ఒక విషయమును గమనించితిమి. చెరువు గుండ్రని గిన్నె కాదు. కట్ట దగ్గర లోతు. ఎదుటి మేరలో నీరు క్రమముగా పలుచబడి, బురదయై, పచ్చికయై, పొలములో కలియును. మునుగుడు కోడికి, నీటికాకికి లోతు కావలెను, బాతునకు మోకాటి నీరు చాలును, కొంగకు జానెడు, ఉల్లంకికి తడిబురద, తీతువునకు పచ్చిక. పూర్వము నీరుగంటి పైరుకు నీరు విడిచిన కొలది చెరువు తగ్గుచు, ప్రతివారము క్రొత్త బురదమేర బయటపడెడిది. శీతకాలపు పక్షులు సరిగా ఆ సమయముననే వచ్చెడివి. వ్యవసాయపు పంచాంగమును, వలస పంచాంగమును ఒక్కటియై నడచినవన్నమాట. నేడు చెరువును బాగుచేయుదుమను ఉత్సాహముతో చుట్టును రాతిగోడ కట్టి, నాలుగువైపుల ఒకే లోతు త్రవ్వి, నడకదారి వేయుచున్నారు. నీరు నిండుగా కనబడును. ఉల్లంకి మాత్రము దిగుటకు చోటు లేక వెడలిపోవును. అట్లే, మురుగు చేరిన చెరువు వేసవిలో సయితము ఎండదు. కొన్ని పక్షులకు అది మేలే యైనట్లు తోచును. కాని ఆ నీటిలో చేప చచ్చిననాడు గూడబాతు ఏమి తినును? కావున పక్షులున్నవి గనుక చెరువు బాగున్నదని తృప్తిపడుటయు, నీరున్నది గనుక పక్షులుండునని తలచుటయు రెండును పొరపాట్లే.

బిదరగుప్ప చెరువుగట్టున చింతనీడలో కూర్చుండి పెరుగన్నము తినుచు, పక్షులకు ఆశ్రయమిచ్చిన గ్రామముల ముచ్చటలు చెప్పుకొంటిమి. సలీం అలీ పండితుడు 1931-32లో హైదరాబాదు సంస్థానమునందును, తరువాత మైసూరు సంస్థానమునందును పక్షుల సర్వే జరిపెను. ఆయన సలహాపై 1940లో శ్రీరంగపట్టణము దాపున రంగనతిట్టు పక్షుల రక్షితస్థానమైనది. నెల్లూరు సీమలో నేలపట్టు 1976లో అట్టి రక్షణ పొందెను. కాని చట్టము రాకపూర్వమే పల్లెలు ఆ పని చేసినవి. మండ్య జిల్లా కొక్కరెబెళ్ళూరులో గూడబాతులు ఇండ్ల నడుమ చింతచెట్లపై గూళ్ళు కట్టును. మన రాయలసీమ సరిహద్దున చిలమత్తూరు మండలములోని వీరాపురమునకు ఎర్రకాళ్ళ కొంగలు ఏటేట వచ్చును; అవి వచ్చుట శుభమని, వానకు పంటకు గుర్తని గ్రామస్థులు నమ్మి వానిని కాపాడుచున్నారు. ఊరి ఆడపడుచు పురిటికి వచ్చినట్లు చూచుకొనుట యనిన ఇదియే.

లెక్కలు మాత్రము మనలను హెచ్చరించుచున్నవి. 1987 నుండి ప్రతి జనవరిలో ఆసియా ఖండమున నీటి పక్షులను లెక్కించుచున్నారు. భారతదేశ పక్షుల స్థితిని గూర్చి 2023లో వెలువడిన నివేదిక 942 జాతులను పరిశీలించి, 178 జాతులు ముఖ్యముగా కాపాడదగినవని తేల్చెను. సూదితోక బాతు వంటి వలస బాతులు తగ్గుచున్నవని అందు కలదు. దసరానాడు మనము దర్శింపగోరు పాలపిట్ట గూడ తగ్గుచున్నది. అది కర్ణాటకకు, తెలంగాణకు రాష్ట్రపక్షి. ఆంధ్రప్రదేశము 2018లో రామచిలుకను ఎన్నుకొనెను. పేరు మార్చినంత సులభముగా పక్షిని మరల తేలేము గదా!

సాయంకాలమునకు మరల ఆనేకల్ చేరి, పశ్చిమమున ముత్యాలమడుగునకు పోతిమి. కన్నడిగులు ముత్యాల మడువు అందురు. తెలుగువారికి అర్థము చెప్పనక్కరలేని పేరు. వర్షకాలమున ముత్యములవలె రాలు జలపాతము ఆనాడు సన్నని దారముగా నుండెను. అచ్చటి కొండల నవతలనే 1974లో ఏర్పడిన బన్నేరుఘట్ట జాతీయోద్యానము, ఏనుగుల దారి. కొంగలు గుంపులు గుంపులుగా తలపై నుండి గూళ్ళకు మరలుచుండెను. పిల్లలలో ఒక బాలిక వేలు చూపుచు, "అత్తా, అవి నత్తగుల్ల కొంగలు" అని బిగ్గరగా అనెను. ఇంగ్లీషు పేరు ఆమెకు తెలియనిది కాదు. ఆ క్షణమున తాత చెప్పినదే నోటికి వచ్చెను. ఆ దినపు శ్రమకు మాకు అంతకంటె ఫలము వలదు.

పరభాషా ప్రాంతమున స్థిరపడిన మనము భాషను కాపాడుకొనుటయనగా పద్యములు, పండుగలు, నాటకములు మాత్రమే తలచుచున్నాము. అవి ఉండవలసినవే. కాని భాష కట్టపైనను, గట్టుపైనను, తూము నొద్దనుగూడ పుట్టినది. చెరువు పోయిన చోట అలుగు, తూము, మునుగుడు కోడి యను మాటలు నిఘంటువులో మాత్రము మిగులును. కనుక మన సంఘ సభ్యులకు మూడు మనవులు చేయుచున్నాము. ఇంటి పెద్దల నోటనున్న పక్షుల, చెట్ల, నీటిపనుల పేర్లను వారు ఉండగనే వ్రాసిపెట్టుడు. ప్రతి జనవరిలో ఒకనాడు పిల్లలతో దగ్గరి చెరువునకు పోయి పక్షులను లెక్కించి, ఆ లెక్కను ఏడాదికేడాది పోల్చి చూడుడు. మీ ఊరి చెరువును గూర్చి గ్రామసభలో మాట వచ్చినపుడు, కన్నడిగులైన ఇరుగుపొరుగుతో కలిసి, బురదమేర నుంచుమని అడుగుడు. చెరువు ఒక్క భాషవారిది కాదు. అడుగుటయు ఒక్క భాషలోనే కానక్కరలేదు.

కట్టపై కనబడిన ఆ తాత పేరు అడుగుటకు మేము మరచితిమి. ఆయన చెప్పిన పేర్లు పదునాలుగు. వానిని మాత్రము ఒక నోటుపుస్తకమున వ్రాసికొంటిమి. వచ్చే పుష్యమాసమున ఆ పుస్తకముతో మరల ఆ కట్ట యెక్కుదుము. ఎన్ని పేర్లకు పక్షులు పలుకునో చూడవలెను.